తీసివేయగల కాష్: ఎస్‌ఎస్‌డి వినియోగంపై ఒక సంవాదం

విషయ ప్రవేశం

కంప్యూటర్ నిల్వలో నేడు రెండు రకాల పరికరాలు పక్కపక్కన పనిచేస్తున్నాయి. అయస్కాంత పూత పూసిన పళ్ళేలను తిప్పుతూ వాటిమీద సమాచారాన్ని రాసే హార్డ్ డిస్క్ తక్కువ ధరకు ఎక్కువ చోటు ఇస్తుంది. కదిలే భాగాలేవీ లేకుండా ఫ్లాష్ చిప్పుల్లో విద్యుదావేశంగా సమాచారాన్ని నిలిపే సాలిడ్ స్టేట్ డ్రైవ్, అంటే ఎస్‌ఎస్‌డి, ఎక్కువ ధరకు ఎక్కువ వేగం ఇస్తుంది. సమాచారమంతటినీ హార్డ్ డిస్కుల్లోనే ఉంచి, అందులో మాటిమాటికీ అవసరపడే భాగాల ప్రతులను మాత్రం ఒక చిన్న ఎస్‌ఎస్‌డిలో దగ్గర పెట్టుకునే ఏర్పాటును ఎస్‌ఎస్‌డి కాషింగ్ అంటారు. నిదానమైన నిల్వకు ముందు నిలిచి, మళ్ళీ అడుగుతారనుకున్న వాటిని అందుబాటులో ఉంచే చిన్న, వేగవంతమైన నిల్వనే కాష్ అంటారు.

చర్చ గాలిలో సాగకుండా ఉండేందుకు ఒక విద్యాసంస్థ సర్వర్‌ను ఉదాహరణగా ఊహించుకోవచ్చు. అందులో నాలుగు హార్డ్ డిస్కులు, 32 గిగాబైట్ల ర్యామ్ ఉన్నాయి. విద్యార్థుల వివరాల డేటాబేస్, స్కాన్ చేసిన లక్షలాది పత్రాలు, పాఠాల వీడియోలు వాటి మీదే ఉన్నాయి. పని మందగించిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు 500 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డిని కొని కాష్‌గా అమర్చాలా, వద్దా అన్నది ఇక్కడి ప్రశ్న. అమర్చాలన్నది వాది పక్షం. అక్కరలేదన్నది ప్రతివాది పక్షం.

సంవాదం

వాది: ఈ ప్రశ్నకు మొదటి సమాధానం యంత్ర నిర్మాణంలోనే ఉంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో పళ్ళెం ఒక చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు పడుతుంది కనుక, కోరిన చోటు, సమాచారాన్ని చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం సేపు వేచి ఉండక తప్పదు. అంతకుముందు హెడ్‌ను సరైన వలయం మీదికి జరపడానికి సుమారు 8 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న భాగాలను చదివేటప్పుడు ఒక్కొక్క భాగానికి 12 మిల్లీసెకన్లు ఖర్చవుతాయి, సెకనుకు 80కి మించి చదవడం కష్టం. సాధారణ ఎస్‌ఎస్‌డి అదే పనిని 0.1 మిల్లీసెకను ప్రాంతంలో ముగిస్తుంది. వంద రెట్లకు మించిన ఈ అంతరాన్ని పూడ్చడానికి డిస్కులన్నిటినీ మార్చనక్కరలేదు. ఏ కార్యక్రమమైనా ఒక వ్యవధిలో తన సమాచారంలో కొద్ది భాగాన్నే పదే పదే తాకుతుందని, ఆ భాగమే వర్కింగ్ సెట్ అని పీటర్ డెన్నింగ్ 1968లో ప్రచురించిన పత్రంలో వివరించారు. అదే ఏడాది ఐబిఎం సంస్థ సిస్టమ్/360 మోడల్ 85 యంత్రంలో ప్రధాన మెమరీకి ముందు చిన్న కాష్‌ను నిలిపి ఈ సూత్రానికి రూపమిచ్చింది. అక్కడ ఫలించిన సూత్రం హార్డ్ డిస్క్ ముందు ఫలించదనడానికి కారణం లేదు.

ప్రతివాది: సూత్రంతో పేచీ లేదు, దాన్ని ఈ సర్వర్‌కు అన్వయించడంలోనే ఉంది. అడిగినది కాష్‌లో దొరికితే దాన్ని హిట్ అని, దొరకక డిస్క్ దాకా వెళ్ళవలసి వస్తే మిస్ అని అంటారు. పైన చెప్పిన కాలాలనే తీసుకుని లెక్కిస్తే, నూటికి 50 హిట్లు వచ్చినప్పుడు సగటు నిరీక్షణ 6.05 మిల్లీసెకన్లు, అంటే వంద రెట్లు వేగమున్న పరికరాన్ని కొన్న సంస్థకు దక్కేది రెండు రెట్ల మేలు మాత్రమే. హిట్లు 90కి పెరిగితే సగటు 1.29 మిల్లీసెకన్లకు దిగుతుంది కానీ, అందులో 1.2 మిల్లీసెకన్లు మిగిలిన 10 మిస్సుల కోసం వేచి చూసిన కాలమే. 99 హిట్లు వచ్చినప్పుడు గాని సగటు 0.22 దగ్గరికి రాదు. ఫలితాన్ని నిర్ణయించేది ఎస్‌ఎస్‌డి పెట్టె మీద అచ్చేసిన వేగం కాదు, మిస్సుల సంఖ్య.

వాది: 12 మిల్లీసెకన్ల నిరీక్షణ 1.29కి దిగడం తొమ్మిది రెట్ల మేలు. ఒక్కొక్క వివరానికి డేటాబేస్ పదుల సార్లు నిల్వను తాకుతుంది కనుక, తెర ముందు కూర్చున్న గుమాస్తాకు అది స్పష్టమైన తేడాగా కనిపిస్తుంది. పరిపూర్ణత రాలేదని ప్రయోజనాన్ని కాదనడం న్యాయం కాదు.

ప్రతివాది: నూటికి 90 హిట్లు వచ్చేటట్లయితే ఆ మాట నిజమే, అవి వస్తాయన్న నమ్మకానికి ఆధారం ఏమిటన్నదే సంశయం. ఆపరేటింగ్ సిస్టమ్ ఖాళీగా ఉన్న ర్యామ్‌ను ముందునుంచే డిస్క్‌కు కాష్‌గా వాడుకుంటుంది. డెన్నింగ్ చెప్పిన పునరావృత్తి బలంగా ఉన్న భాగమంతా ఆ 32 గిగాబైట్లలోనే నిలిచిపోయి, అక్కడ దొరకనివి మాత్రమే ఎస్‌ఎస్‌డి దాకా దిగి వస్తాయి. అంటే రెండో అంచెలో ఉన్న కాష్‌కు చేరేది మొదటి అంచె వడగట్టగా మిగిలిన కోరికలు, ఎప్పుడో ఒకసారి అడిగి మళ్ళీ అడగనివే వాటిలో ఎక్కువ. ర్యామ్‌లో నూటికి 95 హిట్లు వస్తున్నాయి కనుక ఎస్‌ఎస్‌డిలోనూ అలాగే వస్తాయనుకోవడం ఈ విషయంలో తరచుగా జరిగే పొరపాటు.

వాది: వడగట్టిన తరువాత ఏమీ మిగలదన్నది అన్ని సందర్భాలకూ వర్తించదు. ప్రవేశాల కాలంలో డేటాబేస్‌లో 200 గిగాబైట్ల భాగం పదే పదే వాడుకలో ఉంటే, ర్యామ్‌కు పెద్దది, ఎస్‌ఎస్‌డికి చిన్నది అయిన ఆ మధ్యస్థ వర్కింగ్ సెట్‌కు తగిన చోటు ఎస్‌ఎస్‌డి కాషే. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థకు ఎల్2ఆర్క్ అనే రెండో అంచె కాష్‌ను జోడించినా, ఫేస్‌బుక్ 2010లో తన మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ల కోసం తయారుచేసిన ఫ్లాష్‌కాష్‌ను అందరికీ విడుదల చేసినా, 2013లో డిఎమ్-కాష్, బికాష్ అనే రెండు సాధనాలు లినక్స్ కెర్నెల్‌లో చేరినా, అన్నిటి వెనుకా ఉన్న అవసరం ఇదే. ఒకసారి చదివి వదిలేసే సమాచారం కాష్‌ను నింపేయకుండా కాపాడే పద్ధతులూ ఉన్నాయి. నిమ్రోద్ మెగిద్దో, ధర్మేంద్ర మోధా ఐబిఎం ఆల్మడెన్ పరిశోధనశాలలో రూపొందించి 2003లో ప్రకటించిన ఆర్క్ పద్ధతి, ఇటీవల ఒక్కసారి అడిగినవాటినీ తరచుగా అడిగినవాటినీ వేరువేరు జాబితాల్లో ఉంచి, వాటి మధ్య చోటును పని తీరును బట్టి సర్దుతుంది. బికాష్ అయితే వరుసగా 4 మెగాబైట్లకు మించి సాగే చదువును కాష్‌లోకి తీసుకోకుండా నేరుగా డిస్క్‌కు వదిలేలా ముందే అమర్చి ఉంటుంది.

ప్రతివాది: ఆ చివరి మాట ప్రతివాది పక్షానికే సాయం చేస్తోంది. వరుసగా సాగే చదువులో హార్డ్ డిస్క్ హెడ్ వెతుకులాట లేకుండా సెకనుకు 150 మెగాబైట్లకు పైగా ఇవ్వగలదు కనుక దానికి కాష్ అక్కరలేదని బికాష్ కర్తలే గుర్తించారు. ఈ సర్వర్‌లో ఎక్కువ చోటును ఆక్రమించిన వీడియోలు వరుసగా చదివేవే. పైగా అవి వెళ్ళే గిగాబిట్ నెట్‌వర్క్ తీగ సెకనుకు 125 మెగాబైట్లకు మించి మోయలేదు. ఇరుకు తీగలో ఉన్నప్పుడు నిల్వను వేగవంతం చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక ఎల్2ఆర్క్ విషయంలో అందరూ గమనించని ఖర్చు ఒకటుంది. ఎస్‌ఎస్‌డిలో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక ర్యామ్‌లోనే ఉండాలి, ఒక్కొక్క భాగానికి అది సుమారు 100 బైట్లు తీసుకుంటుంది. 500 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డిని 128 కిలోబైట్ల భాగాలతో నింపితే పట్టిక 400 మెగాబైట్లకు లోపే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడే 8 కిలోబైట్ల పేజీలకు తగ్గట్టు చిన్న భాగాలతో నింపితే అది 6 గిగాబైట్లు దాటుతుంది. ఎస్‌ఎస్‌డి కన్నా ఎన్నో రెట్లు వేగమున్న ర్యామ్‌లో అయిదో వంతును, ఎస్‌ఎస్‌డి సూచికకు ధారపోసినట్లవుతుంది. వాది పక్షం మేలు చేస్తుందన్న డేటాబేస్ దగ్గరే ఈ నష్టం అధికం కనుక, ఆ డబ్బుతో ముందు ర్యామ్ పెంచడమే సబబు.

వాది: ర్యామ్ ముందు, ఎస్‌ఎస్‌డి తరువాత అన్న క్రమాన్ని ఈ పక్షం అంగీకరిస్తుంది, కానీ చదవడంలో ఉన్న పరిమితులు రాయడంలో లేవు. రాసినదాన్ని కాష్‌కూ డిస్క్‌కూ రెండింటికీ చేర్చిన తరువాతే పని పూర్తయిందని చెప్పడం రైట్-త్రూ పద్ధతి. ఎస్‌ఎస్‌డిలో రాయగానే పూర్తయిందని చెప్పి, డిస్క్‌కు తీరికగా చేర్చడం రైట్-బ్యాక్ పద్ధతి. రెండో పద్ధతిలో చెల్లాచెదురుగా వచ్చే చిన్న రాతలను ఎస్‌ఎస్‌డి వెంటనే స్వీకరిస్తుంది. వాటిని తరువాత డిస్క్ మీది వరుసలో పేర్చి రాయడం వల్ల హెడ్ తిరుగుడు తగ్గుతుంది. ఇక్కడ హిట్ల కోసం ఎదురుచూడనక్కరలేదు, ప్రతి రాతకూ మేలు జరుగుతుంది.

ప్రతివాది: ఈ మేలుకు చెల్లించే మూల్యం సంస్థ సమాచారమే కావచ్చు. రైట్-బ్యాక్‌లో ఇంకా డిస్క్‌కు చేరని తాజా రాతలు ఒక్క ఎస్‌ఎస్‌డిలోనే ఉంటాయి. ఆ క్షణంలో అది చెడిపోతే పోయేది చివరి కొన్ని వివరాలు మాత్రమే కాదు. ఫైల్ వ్యవస్థ తన నిర్మాణాన్ని గురించి రాసుకున్న సూచికలు సగం కొత్తవి, సగం పాతవిగా మిగిలి, కింద నాలుగు డిస్కుల మీద రెయిడ్ పద్ధతిలో ఎంత జాగ్రత్తగా ప్రతులు ఉంచినా మొత్తం చదవరానిది కావచ్చు. ఒక డిస్క్ పోయినా తట్టుకునేలా కట్టిన వ్యవస్థను ఒక్క పరికరం మీద ఆధారపడేలా చేయడం వెనకడుగే. విద్యుత్తు ఆకస్మికంగా పోయినప్పుడు లోపలి రాతలను ముగించేంత శక్తిని నిలిపి ఉంచే కెపాసిటర్లు సర్వర్ల కోసం చేసిన ఎస్‌ఎస్‌డిల్లో ఉంటాయి, ఇళ్ళ కోసం అమ్మేవాటిలో సాధారణంగా ఉండవు. కరెంటు కోతలు తెలిసిన ఊళ్ళలో ఈ తేడాను చిన్నదిగా చూడరాదు.

రెండోది అరుగుదల. ఫ్లాష్ కణం కొన్నిసార్లే చెరిపి రాయనిస్తుంది కనుక, మొత్తం ఎన్ని టెరాబైట్లు రాయవచ్చో తయారీదారు హామీలో చెబుతాడు. ఇంటి వాడకపు 500 గిగాబైట్ల డ్రైవ్‌కు అది 300 టెరాబైట్లు ఉండటం మామూలు. కాష్‌లో ప్రతి మిస్సూ ఒక కొత్త రాతకు దారితీయవచ్చు. సెకనుకు 8 మెగాబైట్ల చొప్పున ఎడతెగకుండా నింపితే రోజుకు 691 గిగాబైట్లు, ఆ లెక్కన 300 టెరాబైట్లు 14 నెలల్లో ముగుస్తాయి. నిల్వగా వాడితే ఏళ్ళ తరబడి నిలిచే పరికరం కాష్‌గా వాడినప్పుడు అంత త్వరగా అరిగిపోతుంది.

వాది: రైట్-బ్యాక్‌ను ఒంటరి ఎస్‌ఎస్‌డి మీద నడపరాదన్నది ఒప్పుకోవలసిన మాటే, రెండు డ్రైవ్‌లు ఒకదానికొకటి ప్రతిగా ఉండి, రెండింటిలోనూ కెపాసిటర్ల రక్షణ ఉన్నప్పుడే దాన్ని తలపెట్టాలి. కానీ ప్రతిపక్షం చూపిన ప్రమాదాల్లో మొదటిది రైట్-త్రూకు అసలు తగలదు. అందులో ఎస్‌ఎస్‌డిలో ఉన్నదంతా డిస్క్‌లో ఉన్నదాని ప్రతి కనుక, అది ఉన్నపళంగా చచ్చిపోయినా పోయేది వేగమే, సమాచారం కాదు. అరుగుదల కూడా అక్కడ నష్టం కాదు, ఖర్చు. ఆ ఖర్చును ముందే లెక్క కట్టవచ్చు.

ప్రతివాది: ఖర్చు లెక్క తీస్తే చరిత్ర సాక్ష్యం వినక తప్పదు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సర్వర్ల నిజమైన పని నమోదులను పరిశీలించి 2009లో యూరోసిస్ సదస్సులో సమర్పించిన పత్రంలో, ఆనాటి ధరలకు డిస్కులన్నిటినీ ఎస్‌ఎస్‌డిలుగా మార్చడం ఏ పనికీ గిట్టుబాటు కాదని తేల్చారు. మధ్య అంచెగా ఎస్‌ఎస్‌డిని పెట్టడం వల్ల ఖర్చు తగ్గేది నూటికి 10 కన్నా తక్కువ పనుల్లోనని, ఎస్‌ఎస్‌డి ధర ఎంత పడిపోయినా అది 20కి చేరదని కూడా అందులోనే చెప్పారు. వ్యక్తిగత కంప్యూటర్ల కథ కూడా అలాగే ముగిసింది. ఇంటెల్ 2011లో స్మార్ట్ రెస్పాన్స్ పేరుతో 64 గిగాబైట్ల దాకా కాష్‌ను అనుమతించింది. ఆపిల్ 2012లో ఫ్యూజన్ డ్రైవ్‌ను 128 గిగాబైట్ల ఫ్లాష్‌తో తెచ్చి, 2015కు 1 టెరాబైట్ నమూనాలో దాన్ని 24 గిగాబైట్లకు కుదించింది. ఇంటెల్ 2017లో డిస్క్ కాష్‌గా కూడా తెచ్చిన ఆప్టేన్ మెమరీ వ్యాపారాన్ని 2022లో మూసివేస్తున్నట్లు ప్రకటించింది. ఎస్‌ఎస్‌డి ధరలు దిగిన కొద్దీ జనం మధ్యవర్తిని వదిలి నేరుగా ఎస్‌ఎస్‌డిలోనే సమాచారాన్ని ఉంచుకున్నారు. ఈ సర్వర్‌లోనూ డేటాబేస్‌ను ప్రతులున్న ఎస్‌ఎస్‌డిల మీదికి తరలిస్తే ప్రతి కోరికా హిట్టే అవుతుంది, వీడియోలు హార్డ్ డిస్కుల మీద హాయిగా ఉంటాయి.

వాది: ఫ్యూజన్ డ్రైవ్ కాష్ కాదు. అది సమాచారాన్ని ప్రతిగా ఉంచక ఒక పరికరం నుంచి మరొకదానికి తరలించే అంచెల నిల్వ, అందుకే దానిలో ఏ ఒక్క పరికరం పోయినా మొత్తం పోతుంది. దాని క్షీణతను రైట్-త్రూ కాష్ మీద మోపరాదు. 2009 నాటి అధ్యయనం తూచినది పరికరాల కొనుగోలు ఖర్చును, మనుషులు వేచి ఉండే కాలాన్ని కాదు. ఏది వేడిగా, అంటే తరచుగా వాడుకలో, ఉందో ముందే తెలిస్తే చేత్తో తరలించడం మేలే. డేటాబేస్ విషయంలో అది తెలుసు, ఒప్పుకోవలసిందే. కానీ స్కాన్ చేసిన లక్షలాది పత్రాల్లో ఈ నెల వేటిని వెతుకుతారో ఎవరికీ తెలియదు. ప్రవేశాలప్పుడు ధ్రువపత్రాలు, పరీక్షలప్పుడు జవాబు పత్రాలు, తనిఖీలప్పుడు పాత దస్త్రాలు కదులుతాయి. ఆ కదలికను ఎవరూ చెప్పకుండానే కాష్ నేర్చుకుంటుంది, నిర్వాహకుడు చేత్తో చేయలేని పని అదే.

ప్రతివాది: ఆ వాదానికి బలం ఉంది, దాన్ని ఇంకా బిగించవచ్చు కూడా. పత్రాల విషయంలో నిదానం తరచుగా పత్రాన్ని తెరవడంలో కాక, వేలాది ఫైళ్ళున్న ఫోల్డర్ జాబితాను తేవడంలో ఉంటుంది. ఫైళ్ళ పేర్లు, పరిమాణాలు, అవి ఉన్న చోట్లు చెప్పే ఈ సమాచారాన్ని మెటాడేటా అంటారు. మొత్తం నిల్వతో పోలిస్తే అది చాలా చిన్నది, అయినా ప్రతి వెతుకులాటా దాన్నే తాకుతుంది. ఎల్2ఆర్క్‌ను మెటాడేటాకే పరిమితం చేసే వీలుంది కనుక, అప్పుడు ర్యామ్‌లోని పట్టికా చిన్నదవుతుంది, అరుగుదలా తగ్గుతుంది. అయితే ఇంత సరిగ్గా గురి చూడాలంటే పని తీరును ముందు కొలవాలి, ఊహతో అది సాధ్యం కాదు.

వాది: కొలవడానికి సాధనం చేతిలోనే ఉంది. జడ్‌ఎఫ్‌ఎస్ ర్యామ్‌లో వాడే ఆర్క్ పద్ధతి తాను ఇటీవల తొలగించిన భాగాల పేర్లను మాత్రం కొంతకాలం గుర్తుంచుకుంటుంది, ఆ జాబితాలను ఘోస్ట్ జాబితాలంటారు. వాటిలో ఉన్న పేరును మళ్ళీ ఎవరైనా అడిగితే, కాష్ ఇంకా పెద్దదై ఉంటే ఆ మిస్ హిట్ అయ్యేదని తెలుస్తుంది. ఆ సంఖ్య గణనీయంగా ఉంటే పెద్ద కాష్‌కు పని ఉన్నట్లు, లేకపోతే లేనట్లు. మిస్సులున్నా వాటివల్ల డిస్కులు నిజంగా సతమతమవుతున్నాయా అన్నది ఐఓస్టాట్ వంటి మామూలు ఆదేశం చూపిస్తుంది.

నిర్ణయం

ఉభయ పక్షాలూ బయలుదేరిన చోటికీ చేరిన చోటికీ మధ్య దూరం ఉంది. ఎస్‌ఎస్‌డి వేగమే చాలునన్న వాది, పని తీరును బట్టే ఫలితమని ఒప్పుకున్నాడు. మధ్యవర్తి అక్కరలేదన్న ప్రతివాది, ఎప్పుడు ఏది అవసరమో ముందే తెలియని పత్రాల దగ్గర కాష్‌కు చోటుందని ఒప్పుకున్నాడు. ఈ ఒప్పుకోళ్ళను వరుసలో పెడితే ఆచరణ క్రమం ఏర్పడుతుంది: మొదట ఘోస్ట్ జాబితాలనూ డిస్కుల ఒత్తిడినీ ప్రవేశాల వంటి రద్దీ రోజుల్లో కొలవాలి; తరువాత ర్యామ్ పెంచాలి; వేడిగా ఉంటుందని తెలిసిన డేటాబేస్‌ను ప్రతులున్న ఎస్‌ఎస్‌డిల మీదికి తరలించాలి; అప్పటికీ పత్రాల దగ్గర నిదానం మిగిలితే చదవడానికి మాత్రమే, ముందు మెటాడేటాకు మాత్రమే, కాష్‌ను అమర్చాలి. వీడియోల కోసం కాష్ కొనవలసిన పని లేదు.

ఈ క్రమం వెనుక ఉన్న ధర్మం ఒక్కటే. కాష్ ఎప్పుడూ ప్రతిగానే ఉండాలి, ఏ సమాచారానికీ అదే ఏకైక చోటు కారాదు. చదవడానికి మాత్రమే పనిచేసే కాష్‌ను సర్వర్ నడుస్తుండగానే పెట్టవచ్చు, నెల రోజులు చూసి మేలు లేదనిపిస్తే తీసి ఆ ఎస్‌ఎస్‌డిని వేరే పనికి వాడుకోవచ్చు; తప్పు నిర్ణయమైనా ఒక పరికరం ధరలో కొంత భాగంతో పోతుంది. రాతలను తన దగ్గరే నిలుపుకునే కాష్‌ను, అవి డిస్క్‌కు చేరకముందే, అలా తీసివేయడం కుదరదు, అది చెడిపోయే రోజున సంస్థ కోలుకునేది బ్యాకప్ ఎంత తాజాగా ఉంటే అంత మేరకే. విద్యార్థుల మార్కులు, ధ్రువపత్రాలు నమ్మి అప్పగించినవారికి ఆ సర్వర్ నిర్వాహకులు జవాబుదారులు. అందువల్ల ఎస్‌ఎస్‌డిని కాష్‌గా వాడాలా అని అడిగేవారు, ముందుగా రేపు దాన్ని పీకేస్తే ఏం పోతుందని అడగాలి. వేగం తప్ప ఏమీ పోదన్న జవాబు వచ్చినచోట ప్రయత్నించడంలో తప్పు లేదు, మరే జవాబు వచ్చినా దాన్ని అమర్చరాదు.